పలుపు ఎవరు విప్పాలి?



బయట ఎండ పేలిపోతుంటే ఈయన తుఫాను గురించి రాస్తున్నాడేంటి అనుకుంటారు. మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. 1990లో పెద్ద తుఫాను మే 9న వచ్చింది, మచిలీపట్నానికి కింద మా దివిసీమ అంచునే తీరం దాటింది. 2010లో లైలా మే 20న బాపట్ల దగ్గర. 2022లో అసాని కూడా మే నెలలోనే. కాబట్టి మామిడికాయ పచ్చడి పెట్టుకునే రోజుల్లో తుఫాను రాదని ఎవరూ ధీమాగా ఉండక్కర్లేదు.

అయినా ఇవాళ నేను రాసేది గాలీవానా గురించి కాదు. గొడ్ల గురించి, కుక్కల గురించి, మేకలూ కోళ్ళ గురించి. మొన్న మా వీధిలో ఒక కుర్రాడు కొత్తగా పాడిగేదెని కొనుక్కొచ్చాడు. లక్ష దాటి పెట్టాడు. దొంగల భయం అని ఇనప గొలుసుతో గుంజకి కట్టి గొలుసుకి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరుగుతున్నాడు. ఆ తాళం చూసిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఎందుకో చెప్తాను. కాస్త పొడుగవుద్ది, ఓపిక చేసుకుని చదవండి.

నాకు ఆరేళ్ళప్పుడు ఉప్పెన వచ్చింది. 1977 నవంబర్ 19, శనివారం. మా ఊరు సముద్రానికి కొంచెం ఎడంగా ఉంది కాబట్టి ఇవాళ ఇది రాయడానికి నేను మిగిలాను. సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు ఊళ్ళు ఏమయ్యాయో మీలో పెద్దవాళ్ళకి తెలుసు. పోయినవాళ్ళు సర్కారు లెక్కలోనే పది వేల మంది దాకా. గొడ్లకి సరైన లెక్క ఎవరు రాస్తారు, మనుషుల్నే గోతుల్లో కలిపి పూడ్చిన రోజులవి.

మా ఇంట్లో అప్పుడు రెండు ఎడ్లు, నాలుగు గేదెలు, రెండు దూడలు. పొద్దున్నుంచీ గాలి, వాన. గొడ్లు మేత ముట్టకుండా గుంజల చుట్టూ తిరుగుతున్నాయని మా నాయనమ్మ అంటానే ఉందంట. సాయంత్రానికి నీళ్ళు వచ్చేస్తున్నాయని కేకలు వినపడ్డాయి. నాన్న నన్నూ అక్కనీ భుజాల మీద వేసుకుని వీధి చివర డాబా ఇంటి మీదికి చేర్చి, మళ్ళీ కొడవలి పట్టుకుని చావిట్లోకి వెళ్ళాడు. పలుపులు నార పలుపులు. తడిసి నానితే ముడి ఎలా బిగుసుకుంటదో మీకు తెలుసు, పళ్ళతో పీకినా రాదు. మొదటి గేదె పలుపు కోశాడు. రెండోదాని దగ్గరికి వెళ్ళేలోపు చావిడి మట్టిగోడ పడింది, నీళ్ళు ఛాతీ దాకా వచ్చేశాయి. నాన్న చింతచెట్టు పట్టుకుని ఆ రాత్రంతా దాని మీదే ఉన్నాడు.

మూడో రోజు పలుపు కోసిన గేదె ఒక్కటే తిరిగి వచ్చింది. మెడలో జానెడు తాడు ముక్క. ఎక్కడెక్కడ ఈదిందో, ఎక్కడ ఆగిందో తెలీదు. మిగతా ఏడూ గుంజల దగ్గర గుంజల దగ్గరే ఉన్నాయి. నేను చూడలేదు, చూడనివ్వలేదు. పెద్దయ్యాక నాన్న ఒక్కసారే చెప్పాడు ఆ సంగతి. "అందరూ నీళ్ళకి పోయాయంటారు రా. గేదెకి ఈత ఎవడు నేర్పాడు? పుట్టుకతోనే వచ్చుద్ది. నీళ్ళు కాదు, నేను కట్టిన తాడు చంపింది" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్ళూ మా చావిట్లో గట్టి ముడి వెయ్యనివ్వలేదు. చూరులో ఎప్పుడూ ఒక కొడవలి దోపి ఉండేది. దాంతో గడ్డి కోస్తే ఊరుకునేవాడు కాదు.

ఇంత చూసిన ఇంట్లో పుట్టినవాణ్ణి. నా సంగతి చెప్తాను ఇప్పుడు.

మాకు కరకట్టకి లోపల, ఏటి వైపు ఎకరంన్నర అరటి ఉంది. పందుల బాధ ఎక్కువ. అందుకని తోట చివర మోటారు షెడ్డు దగ్గర జిమ్మీ అని కుక్కని రాత్రిళ్ళు గొలుసుతో కట్టేవాళ్ళం. వీధికుక్క పిల్లే, మా మనవరాలు పాలు పట్టి పెంచింది. పంది వాసన తగిలితే దాని అరుపు కట్ట మీదికి వినపడేది. పగలు వదిలితే నా సైకిల్ వెనకాలే ఊళ్ళోకి వచ్చేది.

2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబర్ మొదట్లో పడిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. బుడమేరు పొంగి విజయవాడ సగం మునిగింది. ఆదివారం సాయంత్రం మాకు చాటింపు వేశారు, కట్ట లోపల ఎవరూ ఉండొద్దు, ఏరు ఇంకా పెరుగుద్ది అని. నేనూ మా ఇద్దరబ్బాయిలూ ట్రాక్టర్ వేసుకుని తోటకి పరిగెత్తాం. మోటారు విప్పాం, పైపులు ఎత్తాం, స్టార్టర్ పెట్టె ఎత్తాం, రెండు బస్తాల యూరియా ఎత్తాం. పాకలో రెండు గేదెలు, ఒక దూడ ఉన్నాయి. చిన్నోడు వాటిని కట్ట మీదికి తోలుకెళ్ళాడు. పెద్దోడు ట్రాక్టర్ తోలాడు. నేను ఆఖర్న అరటి గెలలు నాలుగు కొట్టుకుని, అవి భుజాన వేసుకుని చీకటి పడేటప్పటికి కట్టెక్కాను.

రాత్రి ఎనిమిదిన్నరకి కట్ట మీద అన్నం తింటున్నాం. మా ఆవిడ "జిమ్మీ ఏదండీ" అంది.

ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. పెద్దోడు వదిలుంటాడని నేను. గేదెలతో పాటు చిన్నోడు తోలుకొచ్చుంటాడని పెద్దోడు. నాన్న వెనకాల ఉన్నాడుగా, ఆయన విప్పుంటాడని చిన్నోడు. ముగ్గురం అనుకున్నాం, ముగ్గురిలో ఎవ్వరం విప్పలేదు.

టార్చి తీసుకుని దిగాను. డొంక అప్పటికే మునిగింది. మొలలోతు దాకా వెళ్ళేటప్పటికి కాళ్ళు నిలవట్లేదు, వెనకనుంచి జనం పట్టుకుని లాగారు. పడవ ఉన్నాయన్ని కాళ్ళావేళ్ళా పడి అడిగాను, ఈ చీకట్లో ఈ వేగంలో నేను వెయ్యను అన్నాడు. ఆయన అన్నది న్యాయమే. కుక్క కోసం మనిషిని పంపమని అడగకూడదు, అడిగాను. అక్కడే కట్ట మీద కూర్చున్నాం. అరుపు వినపడతానే ఉంది. పందిని చూసినప్పటి అరుపు కాదు అది. పదకొండు దాకా వినపడింది.

మర్నాడు సోమవారం ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వదిలారు. అంత నీరు ఆ బ్యారేజీ ఎప్పుడూ చూడలేదన్నారు. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే గొలుసు షెడ్డు స్తంభానికి నాలుగు చుట్లు చుట్టుకుని ఉంది. అక్కడే గొయ్యి తీసి పూడ్చాను. మనవరాలికి అప్పుడు ఆరేళ్ళు, ఉప్పెన నాడు నా వయసు. "మోటారు తెచ్చారుగా తాతా, జిమ్మీని ఎందుకు తేలేదు" అంది. ఆ మోటారు ఇప్పటికీ నడుస్తుంది.

నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడు కాయితంలో గేదెకి గడి ఉంది, ఎద్దుకి ఉంది, మేకకి, కోడికి కూడా ఉంది. కేంద్రం విపత్తు నిధి 2022 నాటి లెక్కలో పాడి గేదెకో ఆవుకో 37,500, ఎద్దుకి 32,000, దూడకి 20,000, గొర్రెకో మేకకో 4,000, కోడికి 100. కుక్కకి గడి లేదు. నాకు డబ్బు కావాలని కాదు. రాసుకునే అబ్బాయికి చెప్పాలనిపించింది, చెప్పలేదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, తుఫాను జాగ్రత్తలు అని టీవీలో చెప్పేవి మనకి తెలియక కాదు. నాకు తెలీదా? మా నాన్న కొడవలి చూస్తూ పెరిగినవాణ్ణి. తెలిసినా ఆ గంటలో చెయ్యలేదు. ఎవరు చెయ్యాలో ముందే అనుకోలేదు కాబట్టి చెయ్యలేదు. అందుకే ఇప్పుడు మా ఇంట్లో ప్రతి ప్రాణికీ ఒక మనిషి పేరు ఉంది. చావిడి గోడ మీద సుద్దతో రాసి పెట్టాను. గేదెలూ దూడా చిన్నోడు. కుక్క నేను. మేకలు పెద్దకోడలు. కోళ్ళు మా ఆవిడ. మేత, నీళ్ళ డ్రమ్ములు పెద్దోడు. ఎవరన్నా ఊళ్ళో లేకపోతే వాళ్ళ పని ఎవరిదో కూడా పక్కన రాశాను. కట్టెక్కాక ఒకరు నోటితో లెక్క చెప్పాలి, ఇన్ని గేదెలు, ఇన్ని మేకలు, కుక్క అని. చూసినవాళ్ళు నవ్వారు, గోడ మీద డ్యూటీ చార్టు ఏంటి బాబాయ్ అని. నవ్వుకోనీ.

ఇక తాడు సంగతి. ఇది అందరూ ఇవాళ సాయంత్రమే చూసుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. పలుపుని గుంజ చుట్టూ తిప్పి, కొసని మడత పెట్టి, ఆ మడతని మాత్రమే లోపలికి దూర్చి బిగించండి. గొడ్డు లాగితే బిగుస్తది, మనం వదులు కొస పట్టుకుని గుంజితే ఒక్క గుంజుకి ఊడొస్తది. చీకట్లో కళ్ళు మూసుకుని కూడా ఊడదియ్యొచ్చు. కొన్ని గేదెలు కొస నోటితో లాగి విప్పేసుకుంటాయి, మాదొకటి అలాంటిదే, దానికి కొస వెనక్కి వేస్తాం. నైలాన్ తాడు నానదు కదా అంటారు. నానదు గానీ గొడ్డు బెదిరి లాగితే దాని ముడి ఇంకా మొండిగా బిగుస్తది. ఏ తాడైనా సరే చూరులో కొడవలి ఉండాల్సిందే.

ఇంకోటి, నీళ్ళు వస్తున్నప్పుడు గుంజ దగ్గర విప్పి వదిలెయ్యడం కాదు, మెడ దగ్గర విప్పాలి. తాడు ఈడ్చుకుంటూ పోయిన గొడ్డు ఏ కంపకో, ఏ కంచె రాటకో చిక్కుకుని అక్కడే ఆగిపోద్ది. అప్పుడు విప్పినా కట్టినా ఒకటే. మెడ దగ్గర విప్పే టైము లేకపోతే మా నాన్న కోసినట్టు జానెడు మిగిల్చి కొయ్యాలి. దూడని ముందు తియ్యాలి, దూడని వదిలి తల్లి కదలదు. చిన్నోడు దూడని ముందు నడిపిస్తే గేదెలు వాటంతటవే వెనకాల వస్తాయి. చూడి గేదె ఉంటే మాత్రం గంట కాదు, ఒకరోజు ముందు కదిలించండి. అది పరిగెత్తలేదు, పరిగెత్తించకూడదు.

ఎక్కడికి తోలాలి అనేది ఊరిని బట్టి. వరద అయితే మెరక, మాకు కరకట్ట. గాలి అయితే కట్ట మీద నిలబడితే చావే. గాలికి ముందు పోయేది రేకుల షెడ్డు. రేకు ఎగిరొచ్చి తగిలితే గొడ్డు నడుము తెగుద్ది. చెట్ల కింద అసలే వద్దు, కొబ్బరితోటలో అయితే మరీను. గట్టి స్లాబు ఉన్న వరండా, బడి గానీ గోడౌన్ గానీ, ముందే మాట్లాడి పెట్టుకోవాలి. అదీ లేకపోతే చెట్లూ స్తంభాలూ లేని మెరక చేలో విప్పి వదిలెయ్యడమే నయం, కట్టి ఉంచిన షెడ్డు కంటే. తుఫాను కన్ను మన మీదుగా పోతే మధ్యలో గాలి ఆగిపోద్ది. అయిపోయిందనుకుని గొడ్లని ఇంటికి తోలుకొచ్చేవాళ్ళు ఉంటారు. కాసేపట్లో ఎదురు దిక్కునుంచి మళ్ళీ అంతే గాలి కొడతది. పెద్దవాళ్ళు దాన్ని ఎదురుగాలి అనేవాళ్ళు. ఆ గాలికే ఎక్కువ నష్టం.

మా ఊళ్ళో తుఫాను షెల్టర్ ఉంది, మంచి కట్టడమే. కానీ మెట్లు. గేదె ఎక్కదు. మేక ఎక్కుద్ది గానీ లోపలికి రానివ్వరు, రానిస్తే పక్కన పడుకున్న పిల్లలకి ఇబ్బంది, వాళ్ళనీ తప్పు పట్టలేం. దీనివల్ల ఏం జరుగుద్దంటే మనుషులు కూడా వెళ్ళరు. మా వీధి చివర ఒక పిన్ని ఉంది, డెబ్భై ఏళ్ళు, మూడు మేకలే ఆమెకి పెన్షను కాకుండా ఉన్న ఆస్తి. ప్రతి తుఫానుకీ పోలీసులు వచ్చి రమ్మంటే "నా మేకలు ఏవి ఎక్కుతాయో ఆ బండి తీసుకురా, నేనూ ఎక్కుతా" అంటది. జనం ఆమెది మొండితనం అంటారు. నాకు అలా అనిపించదు. ఆ మూడు మేకలు పోతే తర్వాత ఆమె ఎలా బతకాలో ఆ బండి తెచ్చినవాళ్ళు చెప్పరు కదా.

2025 అక్టోబర్‌లో మొంథా వచ్చినప్పుడు మాకు ఇది పరీక్ష అయింది. 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది అది. మేం 27 మధ్యాహ్నమే మొదలుపెట్టాం. ఊరి గోడౌన్ మెట్లు లేనిది, దాని తాళం ఉన్నాయనతో వారం ముందే మాట్లాడి పెట్టుకున్నా. మా రెండు గేదెలు, పడ్డ ఒకటి, వీధిలో ఇంకో ఆరు గేదెలు, పిన్ని మేకలు మూడు, మావి నాలుగు. గేదెల్ని ఒక పక్క, మేకల్ని పాత తలుపు అడ్డం పెట్టి ఇంకో పక్క. పిన్ని ఆ రాత్రి షెల్టర్‌కి వచ్చి పడుకుంది. పడుకుంది అనేది ఊరికే, రెండు సార్లు లేచి గోడౌన్‌కి వెళ్ళి చూసొస్తానంటే మా కోడలు ఆపింది. కానీ వచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి.

మేత లెక్క అప్పుడు తెలిసింది. పాడి గేదెకి రోజుకి ఏడెనిమిది కిలోల ఎండుగడ్డి అయినా కావాలి, నీళ్ళు యాభై లీటర్ల పైమాటే. మూడు రోజులకి మూడు గొడ్లు అంటే గడ్డి 70 కిలోలు, నీళ్ళు రెండొందల లీటర్ల డ్రమ్ములు రెండు నింపినా చాలవు. కరెంటు పోతే బోరు నడవదు, కాలవ నీళ్ళు బురద, సముద్రం ఎగదన్నితే ఉప్పు. అందుకని ముందే నింపి మూత వెయ్యాలి. దాణా బస్తా పాలిథిన్ సంచిలో కట్టి అటక మీద. కుడితి మాత్రం నిలవ పెట్టకండి.

గడ్డి విషయంలో ఒక దెబ్బ తిన్నాం, అదీ చెప్పాలి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటినప్పుడు మా వరి పనల మీద ఉంది. తడిసిన గడ్డి ఎండబెట్టి వాము వేశాం అనుకున్నాం గానీ లోపల బూజు పట్టింది. నల్లటి మచ్చలు కనపడుతున్నా, గడ్డి కరువులో పారెయ్యడానికి మనసొప్పక వేశాం. నెలకి ఒక గేదెకి తోక చివర ఎండిపోయి పుండు పడింది, చెవి అంచులు, ఆ తర్వాత గిట్టల పైన. పశువుల డాక్టరు చూసి ఇది బూజు గడ్డి వల్ల వచ్చే జబ్బు, డెగ్నాలా అంటారు, ముందు ఆ గడ్డి ఆపండి అన్నాడు. తోక బెత్తెడు ఊడింది. బతికింది. తెలిసినాయన ఒకాయన తడిసి మొలకెత్తిన వడ్లు ఎలాగూ అమ్ముడుపోవు కదా అని గేదెకి బుట్టెడు పెట్టాడు. కడుపు పులిసి ఉబ్బి మర్నాటికి పడిపోయింది, దక్కలేదు. నష్టం వచ్చిన రోజుల్లో ఇంకేదీ పారెయ్యబుద్ధి కాదు మనకి. అక్కడే ఇంకో నష్టం వస్తది.

కుక్క సంగతి వేరు. గొడ్డుని విప్పి వదలాలి, కుక్కని వదిలితే ఉరుముకీ గాలికీ బెదిరి ఎటో పారిపోద్ది. కట్టేస్తే మళ్ళీ అదే కథ. నేను చేసేది, గాలి మొదలవక ముందే ఇంట్లోకి తెచ్చి తలుపు వెయ్యడం. ఊరు ఖాళీ చేస్తుంటే మెడపట్టీకి గుడ్డ పట్టీ తాడు వేసి ఆ కొస నా చేతికి. స్తంభానికి కాదు, నా చేతికి. మెడపట్టీ మీద నా ఫోన్ నంబరు చెరగని ఇంకుతో రాశాను. ఏడాదికోసారి పిచ్చికుక్క టీకా వేయించి ఆ కార్డు నా ఆధార్ కార్డు కవర్లోనే పెట్టాను, ఎందుకంటే పదిమంది ఉన్న చోటికి కుక్కని తీసుకెళ్తే మొదట అడిగేది అదే. మూతి కట్టమంటారు కొందరు. తాడుతో బిగించి కట్టకండి, నోరు తెరిచి వగర్చకపోతే కుక్కకి ఊపిరాడదు. ఇప్పుడున్నది బుజ్జిగాడు. తోటకి కాపలా ఇప్పటికీ వెళ్తాడు గానీ గొలుసు లేదు. పందులు పోయినేడు కొంచెం ఎక్కువే తిన్నాయి. తింటే తిన్నాయి.

కోళ్ళ దగ్గర మొంథాలో మేం ఫెయిలయ్యాం. కాళ్ళు కట్టి గంపల్లో వేసి అటక మీద పెట్టింది మా ఆవిడ. పొద్దునకి ఆరు చచ్చాయి. ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక. కాళ్ళు కట్టకుండా, గంపకి నాలుగైదు మించకుండా, గాలాడేట్టు పెట్టాలని ఇప్పుడు అర్థమైంది. పిల్లి గురించి నాకు చెప్పడానికేం లేదు. గాలి మొదలవగానే మాయమైంది, తగ్గాక వచ్చి పాలగిన్నె దగ్గర కూర్చుంది.

నీళ్ళు తీశాక తొందరపడి గొడ్లని బయటికి తోలకండి. తెగిన కరెంటు తీగ తడి నేల మీద ఉంటే గొడ్డుకి తెలీదు. లైన్‌మన్ సరే అన్నాకే. మెరక మీద పాములు కూడా మనతో పాటే ఎక్కి ఉంటాయి, గడ్డి మోపు ఎత్తేటప్పుడు కర్రతో తట్టండి. వరద నీళ్ళలో ఎలుకల మూత్రం కలిసి మనుషులకీ కుక్కలకీ జ్వరాలు వస్తాయి, కాలికి పుండు ఉన్నవాళ్ళు ఆ నీళ్ళలో తిరగకండి. గొడ్డు పడిపోతే 1962కి ఫోన్ చేస్తే సంచార పశు వైద్యం బండి వస్తది. పోయిన గొడ్డుని వెంటనే పూడ్చెయ్యకండి. చెవికున్న 12 అంకెల పసుపు పోగు కనపడేట్టు ఫోటో తీసి, రైతు సేవా కేంద్రంలో పశువుల అసిస్టెంటుకి చెప్పి, డాక్టరు వచ్చి చూశాకే. ఆ కాయితం లేకపోతే బీమా లేదు, పరిహారం లేదు. పోగు ఊడిపోయినవాటికి ఇప్పుడే మళ్ళీ వేయించుకోండి. బతికున్నప్పటి ఫోటో కూడా ఒకటి, మొహం, పక్క, పోగు కనపడేట్టు తీసి పెట్టుకోండి.

ఆ తాళం కుర్రాడితో నిన్న మాట్లాడాను. "దొంగలెత్తుకుపోతే ఎవరిస్తారు బాబాయ్ లక్ష" అన్నాడు. ఆ మాటా నిజమే, పోయినేడు మా పక్క ఊళ్ళో రెండు గేదెలు పోయాయి. నా దగ్గర దానికి మంచి జవాబు లేదు. తాళంచెవి ఇంకోటి చేయించి ఒకటి మీ ఆవిడ దగ్గర, ఒకటి మా ఇంట్లో మేకుకి పెట్టమన్నాను. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు గొలుసు తీసి తాడు వెయ్యమన్నాను. సరే అన్నాడు. మూడో చెవి ఇంకా తెచ్చివ్వలేదు, సాయంత్రం మళ్ళీ వెళ్ళి అడగాలి.

మా ఊళ్ళో వచ్చే శనివారం పొద్దున ఆరింటికి బడి దగ్గర గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేస్తున్నారు. వానలు పడి నీళ్ళు నిలిచాక వేయిస్తే లాభం లేదు, ఇప్పుడే వేయించాలి. చుట్టుపక్కల వాళ్ళు తోలుకురండి. దూడల్ని కూడా తీసుకురండి, పోయినసారి చాలామంది వదిలేశారు.